బ్రెజిల్ సంగీతమైన సాంబాలో ఏడు తీగల గిటార్‌ని కనిపెట్టింది గిటారిస్ట్ డినోయేనా?

కాదు, డినో సెచి కోర్దస్ (అసలు పేరు ఒరొందినో జొజె ద సిల్వా, 1918–2006) దాన్ని కనిపెట్టలేదు, రియోలో ఆయనకి ముందే తూచి అనే ఆయన వాయించేవాడు. కాకపోతే 1950ల్లో డినో చేతికొచ్చాకే అది సాంబాకి తప్పనిసరి అయింది. బ్రెజిల్ సంగీతకారుడు పిషింగిన్యా టెనర్ సాక్సోఫోన్ మీద పాటకి బదులిస్తున్నట్టు వాయించే వరుసల తీరుని డినో గిటార్ మంద్రంలోకి దింపాడు, అదే అసలు కారణం.

1974లో వచ్చిన సాంబా గాయకుడు కార్తోలా ఆల్బమ్ వినండి. కార్తోలా లైను ముగించి ఊపిరి తీసుకునే గ్యాప్‌లో గిటార్ కిందనుంచి నడుచుకుంటూ తర్వాతి కార్డ్‌కి (chord, కలిపి మోగించే స్వరాలు) చేరుస్తుంది (అరేంజ్‌మెంట్లూ డినోవే, అది చాలామంది గమనించరు).

ఏడో తీగ సోలోల కోసమని చాలామంది అనుకుంటారు, అది తప్పు. అది అడుగున చేరే తీగ, మామూలు గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 'ఈ' కన్నా కిందికి, 'సి' స్వరానికి డినో శ్రుతి చేసేవాడు.