పాలీఅమీన్ల పరిశోధనకు వెళుతున్న మేనకోడలికి

కావలి

చిరంజీవి అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

నెల్లూరులో పరిశోధనకు చేరుతున్నావని, అదీ మెదడు మీద పని అని తెలిసి ఇంట్లో అందరికీ సంతోషంగా ఉంది. ఎలుక మెదడులో పాలీఅమీన్లు, అంటే కణాల్లో ఉండే పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్ అనే చిన్న అణువులు, ఎంతెంత ఉన్నాయో కొలుస్తానని రాశావు. కొలువు, కానీ అక్కడితో ఆగకు. సోమశిలలో నీటిమట్టం ఒక్కటే చూసి పెన్నలో వరద ఎంత వస్తోందో, కావలి కాలువకు ఎంత వదులుతున్నారో చెప్పలేం. రాక, పోక రెండూ పెరిగినా మట్టం కదలకపోవచ్చు. మెదడులో పాలీఅమీన్ల లెక్కా అంతే. వాటి తయారీ, వాడకం, విచ్ఛిత్తి, రవాణా వీటన్నిటినీ కలిపి చూస్తేనే నీ అంకెలకు అర్థం ఉంటుంది.

వాటి మోతాదు అదుపులో ఉండటం ఎందుకు అంత అవసరమో ముందు మనసులో పెట్టుకో. పుట్రెసిన్ మీద రెండు ధనావేశాలు, స్పెర్మిడిన్ మీద మూడు, స్పెర్మిన్ మీద నాలుగు ఉంటాయి. ఆ ఆవేశాల వల్లే ఇవి ఆర్‌ఎన్‌ఏను అంటిపెట్టుకుంటాయి. తక్కువైతే కణం పెరగదు, మితిమీరితే బతకదు. నాడీకణంలో మరో సంగతి కూడా ఉంది. స్పెర్మిన్ లోపలి వైపు నుంచి కొన్ని పొటాషియం చానళ్ల దారికి అడ్డుపడుతుంది. ఆ చానళ్లు అయాన్లను లోపలికి సులభంగా, బయటికి కష్టంగా పంపడానికి కారణం ఇదేనని 1994లో తేలింది. పక్క నాడీకణం పంపిన సంకేతాన్ని అందుకునే ఆంపా గ్రాహకాల్లో క్యాల్షియంను పోనిచ్చేవాటికీ ఇది అలాగే అడ్డు తగులుతుంది. అంటే ఈ చిన్న అణువుల మోతాదు మారితే నాడీకణం స్పందించే తీరే మారుతుంది.

ఇక నియంత్రణ. ఈ భాగం నిదానంగా చదువు. నేను పాఠం చెప్పిన జీవరసాయనంలో ఇంత అందమైన ఏర్పాటు నాకు మరొకటి కనబడలేదు. ఆర్నిథీన్ అనే అమైనో ఆమ్లం నుంచి పుట్రెసిన్‌ను తయారుచేసే ఎంజైమ్ ఆర్నిథీన్ డీకార్బాక్సిలేజ్. దాని ఆయువు చాలా తక్కువ. క్షీరదాల కణాల్లో ఉన్నదానిలో సగం పోవడానికి తరచుగా అరగంట కూడా పట్టదు. రెండు ఉపభాగాలు జతకడితేనే అది పనిచేస్తుంది. యాంటీజైమ్ అనే ప్రోటీన్ ఒంటరిగా దొరికిన ఉపభాగాన్ని పట్టుకుని, మళ్లీ జతకట్టనీయకుండా, కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌కు అప్పగిస్తుంది. అక్కడికి పోయే ప్రోటీన్లకు సాధారణంగా యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి ఉండాలి. దీనికి అది అక్కర్లేదు.

ఆ యాంటీజైమ్ పుట్టుక ఇంకా విచిత్రం. దాని ఎంఆర్‌ఎన్‌ఏలో మొదట్లోనే ఒక ఆపు సంకేతం ఉంది. మామూలుగా ఎంఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్‌ను కట్టే రైబోజోమ్ అక్కడే ఆగిపోవాలి. పాలీఅమీన్లు పెరిగినప్పుడు మాత్రం రైబోజోమ్ ఒక్క అక్షరం ముందుకు జరిగి, ఆ సంకేతాన్ని దాటి, మొత్తం ప్రోటీన్‌ను పూర్తిచేస్తుంది. పెరిగిన పాలీఅమీన్లే తమ తయారీని ఆపే ప్రోటీన్‌ను పుట్టిస్తున్నాయన్నమాట. బయటి నుంచి కణంలోకి వచ్చే పాలీఅమీన్లనూ అదే ప్రోటీన్ తగ్గిస్తుంది. దాన్ని బంధించి ఎంజైమ్‌ను విడిపించే యాంటీజైమ్ నిరోధకాలు కూడా ఉన్నాయి. వాటిలో రెండో రకం ముఖ్యంగా మెదడులోను, వృషణాల్లోను కనబడుతుంది. అందుకే ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగిందని చూసి ఎంజైమ్ పని పెరిగిందని రాసేయకు. ప్రోటీన్‌ను, దాని క్రియాశీలతను విడివిడిగా చూపించు.

ఈ అదుపు తప్పితే ఏమవుతుందో పిల్లల్లో కనబడింది. ఆర్నిథీన్ డీకార్బాక్సిలేజ్ చివరి భాగం తెగిపోయే జన్యుమార్పు ఉన్నప్పుడు అది త్వరగా నాశనం కాదు, పేరుకుపోతుంది. ఎదుగుదల కుంటుపడి, జుట్టు రాలిపోయే ఆ జబ్బును 2018లో గుర్తించారు. బాక్‌మన్-బప్ సిండ్రోమ్ అంటారు. ఆ ఎంజైమ్‌ను ఆపే ఎఫ్లోర్నిథీన్ ఇచ్చిన బిడ్డకు జుట్టు తిరిగి వచ్చింది. ఆఫ్రికాలో నిద్రజబ్బుకు వాడిన మందే అది.

విచ్ఛిత్తి దారి గురించి ఒక్క మాట. స్పెర్మిన్, స్పెర్మిడిన్‌లకు ఎసిటైల్ సమూహాన్ని తగిలించే ఎంజైమ్ వాటిని వెనక్కి, పుట్రెసిన్ వైపు నడిపిస్తుంది. ఎసిటైల్ రూపాలను కొలవని పట్టిక సగం పట్టికే.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్నది. రక్తంలోని పాలీఅమీన్లు మెదడులోకి సులభంగా రావు, అది చాలావరకు తనవి తానే తయారుచేసుకుంటుంది. అలాగని బయటి ప్రపంచం తగలదనుకోకు. ఎలుక పిల్లలను తల్లి నుంచి వేరుచేస్తే వాటి మెదడులో, గుండెలో ఆర్నిథీన్ డీకార్బాక్సిలేజ్ పని తగ్గిపోతుందని 1978లో షాన్‌బర్గ్ బృందం చూపింది. తల్లి దగ్గరికి చేరిస్తే తిరిగి కోలుకుంది. పెద్ద ఎలుకల్లో ఒత్తిడి కలిగితే అదే ఎంజైమ్ పెరుగుతుంది. అర్థమైందా అమ్మా? నువ్వు బోను తెరిచే తీరు, ఎలుకను పట్టుకునే చెయ్యి, పక్క గదిలో చప్పుడు, ఇవన్నీ నీ ఫలితంలో కలుస్తాయి. కొన్నాళ్లు ఏ ప్రయోగమూ చేయకుండా వాటిని నీ చేతికి అలవాటు చెయ్యి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి ముట్టుకోవాలి. చేతితో పట్టుకుని వదిలేసిన ఎలుకలను, అసలు ముట్టని ఎలుకలను విడి గుంపులుగా ఉంచు. పిల్లలైతే పుట్టి ఎన్నో రోజో తప్పక రాయి, ఎందుకంటే పుట్టుకకు కాస్త ముందూ వెనకా ఎక్కువగా ఉండే ఈ ఎంజైమ్ తర్వాత బాగా పడిపోతుంది.

మెదడు తీశాక తాత్సారం వద్దు. కావలసిన భాగాన్ని మంచు మీద కోసి వెంటనే ద్రవ నత్రజనిలో పడెయ్యి. మన రోహిణి కార్తెలో కరెంటు పోతే ఫ్రీజర్‌కు జనరేటర్ ఉందో లేదో ముందే చూసుకో. అమీన్లు తట్టుకున్నా ఎంజైమ్ తట్టుకోదు. జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగం హిప్పోకాంపస్‌ను మొత్తంగా నూరినప్పుడు మరో చిక్కు ఉంది. స్పెర్మిడిన్, స్పెర్మిన్ నిల్వలు ఎదిగిన ఎలుకల మెదడులో ఎక్కువగా నాడీకణాలకు తోడుండే ఆస్ట్రోసైట్లలో కనబడతాయి, నాడీకణాల్లో అంతగా కనబడవు. నూరిన ముద్దలో ఆ తేడా చెరిగిపోతుంది. ప్రతిరక్షకాలతో రంగు వేసి చూసినా, చాలా ప్రతిరక్షకాలు ఆ రెండింటినీ వేరుచేయలేవు.

ఎంజైమ్ పరీక్షలో కార్బన్-14 గుర్తున్న ఆర్నిథీన్ వాడి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పడతావు. మైటోకాండ్రియాలో ఆర్నిథీన్ వేరే దారిలో ఖర్చయినా అదే వాయువు వస్తుంది. ప్రతిసారీ ఎఫ్లోర్నిథీన్ కలిపిన నాళిక ఒకటి పక్కన పెట్టి, అది ఆపిన మేరకే లెక్కలోకి తీసుకో. కణాల పెంపకంలో స్పెర్మిన్ కలపాల్సివస్తే దూడ సీరం సంగతి మరిచిపోకు. అందులోని అమీన్ ఆక్సిడేజ్ స్పెర్మిన్‌ను విషపూరిత ఆల్డిహైడ్లుగా మారుస్తుంది. కణాలు చచ్చిపోతే స్పెర్మిన్ చంపిందని అనిపిస్తుంది. అమైనోగ్వానిడీన్ కలిపితే ఆ ఆక్సిడేజ్ ఆగుతుంది.

మొదటి నెలలో ఫలితాల కోసం తొందరపడకు. తెలిసిన మోతాదుల ద్రావణాలతో, అణువులను విడదీసి కొలిచే క్రోమటోగ్రఫీ గీతలు నిలకడగా వచ్చేదాకా అదే పని చెయ్యి. ఆ గీతలు, ముట్టని ఎలుకల అంకెలు సిద్ధం కాగానే నోట్‌బుక్ తీసుకుని ఆదివారం కావలి రా. కూర్చుని ఒక్కో వరుసా చూద్దాం.

నీ అత్తయ్య