సుగ్గికి పోయే పిల్లల్ని బడిలో నిలపాలంటే

అమ్మా, వలస పోయే పిల్లల్ని బడిలో ఎట్లా నిలపాలని అడిగిన నీ మెసేజ్ చూసినా. కర్నూలు జిల్లా కోసిగి పక్కన పోస్టింగ్ అంటే దసరా దాకా క్లాసు నిండుగానే ఉంటాది, దీపావళి దాటినాక చూడు, సుగ్గికని, అంటే కోతల కాలం వలస కూలికని, జనం మూటలు కట్టుకోని గుంటూరు పక్క పత్తికి, మిరపకోతకి పోతారు, పిల్లలూ వాళ్లెంబడే. మళ్లీ ఉగాదికి వచ్చేసరికి ఆరో క్లాసు పిల్లోనికి లెక్కలూ మర్చిపోయింటాయి, బడికి రావాలంటే సిగ్గూ అయితాది, ఇంక రాడు.

నువ్వొక్కదానివే ఇంటింటికీ తిరిగి బతిమాలితే ఎవరూ ఆగరు. ముందు అడ్వాన్సులిచ్చి కూలీలను తోలుకపోయే మేస్త్రీని పట్టుకో. ఏ ఇంటికి ఎంత అడ్వాన్సు ఇచ్చినాడో, బండి ఎప్పుడు కదుల్తాదో వానికే తెల్సు. వానితో కొట్లాటకు పోవద్దు, పేర్లు రాసుకో చాలు. ఆ లిస్టు తీసుకోని డ్వాక్రా సంఘం లీడరు దగ్గర కూర్చో, ఎవరింట్లో అవ్వ ఉంది, ఎవరింటికి తాళం పడ్తాది అనేది ఆమె గడపలో కూర్చోనే చెప్పేస్తాది.

అవ్వ ఉంటే పని సులువు. మధ్యాహ్నం బడిలో తింటాడు, రాత్రికే కదా. అవ్వ పేరు రేషన్ కార్డులో ఉందా చూడు, ఉంటే బియ్యం ఆడ తీసుకోకుండా ఈడ అవ్వకే వదిలేయమని చెప్పు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బులకు 75 శాతం హాజరు ఉండాల అని కూడా చెప్పు, మన నీతులకంటే అది బాగా ఎక్కుతాది.

తాళం పడే ఇండ్ల పిల్లలకు సర్కారు బడుల పథకం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్, అంటే వలస కాలానికి మాత్రమే నడిపే హాస్టల్, అడగాల. బండ్లు పోయినాక శాంక్షన్ వస్తే ఏం లాభం, అందుకే దసరా సెలవులకు ముందే స్కూల్ కమిటీ తీర్మానం పెట్టించి పేర్లతో సహా ఎంఈఓ (మండల విద్యాధికారి) చేతికియ్యి. కమిటీలో ముక్కాలు మంది తల్లిదండ్రులే కాబట్టి వాళ్లు అడిగితే బరువుంటాది. రాత్రి కాపలాకి ఊరి ఆడమనిషినే పెట్టించు, లేకుంటే ఆడపిల్లల్ని ఒక్క తల్లీ వదలదు. ఆడపిల్లలకు కేజీబీవీ, అంటే కస్తూర్బా హాస్టల్ బడి, దారి ఎట్లాగూ ఉంది. ఎవరికైనా పెండ్లి మాటలు నడుస్తున్నాయంటే మాత్రం ఆలోచించకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

ఎంత చేసినా కొందరు పోతారు. వాళ్లు ఏ ఊరికి పోతారో మేస్త్రీనే అడిగి ఆ ఊరి హెడ్‌మాస్టరుకు ఫోన్ కొట్టు. టీసీ లేటయిందని 'మేము చేర్చుకోం' అని ఎవరూ అనకూడదు, 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది.

ముందు మేస్త్రీ ఎవరో కనుక్కోని చెప్పు, నాకు తెలిసినోడే అయింటాడు, మాట్లాడ్తా.