‘అప్పటి నేను ఏమైపోయాను?’ అన్న బాధ వయసు మార్పా, డిప్రెషనా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. డిగ్రీ కళాశాలలో కామర్స్ పాఠాలు చెబుతాను. మా వారిది మిర్చి వ్యాపారం. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఈ మధ్య ఇల్లు మారుతుంటే, విజయవాడలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదివిన రోజుల నాటి ఆటోగ్రాఫ్ పుస్తకం, డైరీ అటక మీది ట్రంకుపెట్టెలో దొరికాయి. ‘నువ్వుంటే గదిలో లైటు అక్కర్లేదు’ అని ఒక స్నేహితురాలు రాసింది. అప్పట్లో వక్తృత్వంలోనూ, ఏకపాత్రాభినయంలోనూ బహుమతి నాదే. డైరీలో మాత్రం ‘ఈ వారం మళ్లీ ర్యాంకు దిగింది, నాన్నకు ఏం చెప్పాలి, క్లాసులో కూర్చుంటే నిద్ర ఆగడం లేదు’ వంటి మాటలు కూడా ఉన్నాయి. ఇప్పుడు నలుగురిలోకి వెళ్లాలంటేనే విసుగు. నాలుగైదు నెలలుగా ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. ఒంట్లో సత్తువ లేదు. మా అమ్మాయిని ‘నీ వయసులో నేనెలా ఉండేదాన్నో తెలుసా’ అని రోజూ సాధిస్తున్నాను. ఆ పదహారేళ్ల అమ్మాయి ఏమైపోయింది? ఇది వయసుతో వచ్చే మార్పా, జబ్బా?

– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. పదహారేళ్ల నాటి మీకూ ఇప్పటి మీకూ మధ్య కనిపిస్తున్న తేడా మొదటిది. నాలుగైదు నెలలుగా సన్నగిల్లిన ఉత్సాహం, తెల్లవారుజామున వచ్చే మెలకువ, నీరసం రెండోది. మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది మొదటిదే అయినా, వైద్యురాలిగా నన్ను ఆలోచనలో పడేసింది రెండోది. ఇరవై రెండేళ్లలో మనిషి మారడం జబ్బు కాదు. నాలుగు నెలల్లో ఇంతగా మారిపోతే మాత్రం పట్టించుకోవాలి.

ముందుగా పోలిక సంగతి చూద్దాం. నడివయసు దాటినవారిని జీవితంలో బాగా గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని జ్ఞాపకాలపై జరిగిన పరిశోధనలు పదేపదే చూపించాయి. ఇల్లు వదిలి మొదటిసారి హాస్టల్‌కు వెళ్లడం, మొదటిసారి వేదిక ఎక్కడం, ప్రాణ స్నేహితురాలు దొరకడం వంటివన్నీ ఆ వయసులోనే జరుగుతాయి కాబట్టి అవి మనసులో లోతుగా నాటుకుంటాయి. అయితే గాఢంగా గుర్తుండటం వేరు, జరిగింది జరిగినట్టు గుర్తుండటం వేరు. అమెరికాలో డేనియల్ ఆఫర్ అనే మనోవైద్యుడు 1962లో 14 ఏళ్ల వయసున్న 73 మంది ఆరోగ్యవంతులైన అబ్బాయిలను కుటుంబం, క్రమశిక్షణ, స్నేహాల గురించి ప్రశ్నించి వారి సమాధానాలను భద్రపరిచారు. వారిలో 67 మందిని 48 ఏళ్ల వయసులో మళ్లీ కలిసి, చిన్ననాటి రోజుల గురించి అవే విషయాలు అడిగారు. నాణెం ఎగరేసి సమాధానం చెప్పినా అంతే సరిపోయేదన్నంతగా, వారి జ్ఞాపకాలకూ నాటి సమాధానాలకూ పొంతన లేకపోయింది. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. గతాన్ని గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని ఇప్పటి స్థితిని బట్టి కొంత దిద్దుకుంటుంది.

ఆ 67 మందికి లేని ఆధారం మీ చేతిలో ఉంది. ఆటోగ్రాఫ్ పుస్తకం వీడ్కోలు రోజున స్నేహితులతో రాయించుకునేది కాబట్టి అందులో ఎవరైనా మంచి మాటే రాస్తారు. డైరీ రాత్రిపూట, గదిలో మిగతావాళ్లు పడుకున్నాక, ఎవరికీ చూపించనన్న ధైర్యంతో రాసుకునేది. మీరు ఉత్తరంలో స్నేహితురాలి మాటను ముందు రాసి, డైరీ మాటలను ‘మాత్రం’ అంటూ పక్కన చేర్చారు. నా దృష్టిలో రెండూ ఒకే అమ్మాయివి, రెండూ నిజమే. వేదిక మీద చప్పట్లు అందుకున్న పిల్లే, వారం వారం గోడ మీద అంటించే ర్యాంకుల జాబితా ముందు గుండె దడతో నిలబడింది. గూడవల్లి, నిడమానూరు, ఈడుపుగల్లు వైపు హాస్టళ్లలో ఇంటర్ చదివి ఇప్పుడు నలభైకి దగ్గరపడుతున్నవారు నా దగ్గరకు వచ్చినప్పుడు ‘ఆ రోజులే వేరు డాక్టర్ గారూ’ అని మొదలుపెట్టి, కాస్త సేపటికి స్టడీ అవర్స్ గురించీ, ఆదివారం ఫోను కోసం నిలబడ్డ వరస గురించీ చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను. వాళ్లకు ఆ రోజులు ఇష్టమైనవే, కష్టమైనవే.

ఆ వయసులో సంతోషమైనా, దుఃఖమైనా అంత ఉద్ధృతంగా ఉండటానికి శారీరక కారణం కూడా ఉంది. మెచ్చుకోలుకు, కొత్తదనానికి స్పందించే మెదడు భాగాలు టీనేజీలో చాలా చురుగ్గా పనిచేస్తాయి. ఆచితూచి నిర్ణయం తీసుకోవడానికి, ఆవేశాన్ని అదుపు చేయడానికి తోడ్పడే ముందుభాగం పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై ఐదేళ్లు వస్తాయి. అందుకే అప్పట్లో ఒక బహుమతి పండగలా ఉండేది, ఒక తక్కువ ర్యాంకు ప్రళయంలా ఉండేది. ఇప్పుడు మీ విద్యార్థులు పరీక్ష బాగా రాశారని తెలిసినప్పుడు గంతులు వేయాలనిపించకపోతే, దాన్ని లోపంగా ఎంచనక్కర్లేదు. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య చాలామందిలో బాధ్యత పెరుగుతుంది, భావోద్వేగాల్లో నిలకడ వస్తుంది. పదహారేళ్ల నాటి ఉప్పెన కోసం వెతికేవారికి ఆ నిలకడే వెలితిలా కనిపిస్తుంది.

మనిషి స్వభావం ఎంత మారగలదన్న దానికి స్కాట్లాండ్‌లో జరిగిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. అక్కడ 1950లో 14 ఏళ్ల పిల్లలు 1,208 మంది స్వభావాన్ని ఆత్మవిశ్వాసం, పట్టుదల, మూడ్ నిలకడ వంటి ఆరు లక్షణాల ఆధారంగా ఉపాధ్యాయులు అంచనా వేశారు. 2012లో, వారికి 77 ఏళ్ల వయసులో, అందుబాటులోకి వచ్చిన 174 మందిని అవే లక్షణాలపై పరిశీలిస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. తక్కువ వ్యవధిలో చేసిన అధ్యయనాల్లో పోలిక ఇంతకంటే ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, మీలో ఆ అమ్మాయి ఆనవాళ్లేవీ లేవని నేను అనను. డిగ్రీ పిల్లల ముందు గంటసేపు నిలబడి కామర్స్ చెప్పగలగడంలో ఆ వక్తృత్వం కొంతైనా ఉండే ఉంటుంది.

ఇక రెండో విషయానికి వస్తాను. ఉత్తరం చదివి రోగ నిర్ధారణ చేయడం సరికాదు, చేయను కూడా. కానీ మీరు రాసిన లక్షణాలను చూస్తే డిప్రెషన్ ఉందేమోనని పరీక్షించి తీరాలి. మీరు ఒకసారి నిదానంగా ఆలోచించుకోవలసింది ఏమిటంటే, సంతోషం దొరికే చోటు మారిందా, లేక సంతోషమే కలగడం లేదా అని. ఒకప్పుడు పదిమందిలో ఉంటే హాయిగా ఉండి, ఇప్పుడు ఇంట్లో పుస్తకం చదువుకుంటేనో, చిన్నవాడికి అన్నం కలిపి పెడుతుంటేనో హాయిగా ఉంటే అది వయసు తెచ్చిన మార్పు. ఇష్టమైన కూర తిన్నా, పాఠం చక్కగా కుదిరినా, పిల్లలు వచ్చి మెడకు చుట్టుకున్నా లోపల ఏమీ కదలకపోతే అది వేరే సంగతి. ఇలా ఆసక్తి చచ్చిపోవడమో, దిగులో రోజులో అధిక భాగం, దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు పైగా ఉండి, దానికి నిద్ర, ఆకలి, ఏకాగ్రతలలో మార్పులు, నీరసం, ‘నేను దేనికీ పనికిరాను’ అన్న భావన వంటివి తోడైతే మేము డిప్రెషన్‌గా పరిగణిస్తాం. మామూలుగా లేచే సమయానికి చాలా ముందే మెలకువ వచ్చి, మళ్లీ నిద్ర పట్టకపోవడం ఇందులో తరచుగా కనిపించే లక్షణం. మీరు నాలుగైదు నెలలు అంటున్నారు. డిప్రెషన్‌లో ఉన్న మనసు ఈనాటి జీవితంలోని లోట్లనే ఏరి ఏరి చూపిస్తుంది కాబట్టి, ఎదురుగా ఏ పాత ఫొటో పెట్టినా అదే గొప్పగా కనిపిస్తుంది. మీ విషయంలో పోలిక వల్ల దిగులు వచ్చిందా, దిగులు వల్ల పోలిక మొదలైందా అన్నది తేల్చుకోవాలి. నాకైతే రెండోదే ఎక్కువ సంభవమనిపిస్తోంది.

అంతకంటే ముందు శరీరాన్ని పరీక్షించుకోండి. థైరాయిడ్ హార్మోను తగ్గినా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బి12 లోపించినా సరిగ్గా ఇలాంటి నీరసం, నిరాసక్తతే కనిపిస్తాయి. రక్తకణాల లెక్క తెలిపే సీబీపీ, థైరాయిడ్ సంగతి తెలిపే టీఎస్‌హెచ్, బి12, షుగర్ పరీక్షలు చేయించండి. గర్భిణులు కాని మహిళల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. మన దగ్గర నెలసరిలో అధిక రక్తస్రావాన్ని ఏళ్ల తరబడి ‘అందరికీ ఉండేదే’ అనుకుని ఊరుకునే ఆడవాళ్లు ఎంతో మంది ఉన్నారు. మీకూ ఆ ఇబ్బంది ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నిద్రలో గురక పెడుతున్నారేమో కూడా మీ వారిని అడిగి తెలుసుకోండి.

ఈలోగా ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. మనసు బాగుపడ్డాక పనులు మొదలుపెడదామని ఎదురుచూడకండి. పని మొదలుపెడితే మనసు వెనకాలే వస్తుందన్నది డిప్రెషన్ చికిత్సలో బాగా రుజువైన పద్ధతి. రోజూ ఉదయం ఎన్టీఆర్ స్టేడియంలోనో, మీ వీధిలోనో అరగంట నడవండి. మీ కళాశాల వార్షికోత్సవానికి ఏకపాత్రాభినయం నేర్చుకునే పిల్లలు ఎవరైనా ఉంటే వారానికి ఒక గంట నేర్పండి. మీరు వేదిక ఎక్కనక్కర్లేదు. మూడింటికి మెలకువ వచ్చి నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి, తక్కువ వెలుతురులో కాసేపు కూర్చుని, నిద్ర వచ్చినప్పుడు మళ్లీ పడుకోండి. ఫోను ముట్టుకోవద్దు. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయండి. డైరీని దాచేయమనో, పారేయమనో నేను చెప్పను గానీ, రాత్రిపూట, ఒంటరిగా ఉన్నప్పుడు తెరవకండి.

మీ అమ్మాయి గురించి కాస్త గట్టిగానే చెబుతున్నాను, మన్నించండి. ‘నీ వయసులో నేను’ అని మీరు ఆమె ముందు నిలబెడుతున్న అమ్మాయి ఆటోగ్రాఫ్ పుస్తకంలోని అమ్మాయి. ఆ అమ్మాయితో పోటీపడటం ఎవరివల్లా కాదు, మీవల్లా కావడం లేదు కదా. డైరీలోని మాటలను, ర్యాంకు దిగిందన్న పేజీతో సహా, ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆమెకు చదివి వినిపించండి. తన అమ్మ కూడా నాన్నకు ఏం చెప్పాలో తెలియక భయపడిందని తెలిసిన పిల్ల, రేపు తన భయాన్ని మీతో చెప్పుకోగలుగుతుంది. ఇంకో సంగతి. ‘క్లాసులో నిద్ర ఆగడం లేదు’ అని మీరు రాసుకున్నది బద్ధకం వల్ల కాదు. టీనేజీలో నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, పైగా ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మీ అమ్మాయి పెందలాడే పడుకోలేకపోతున్నా, పొద్దున్నే లేవలేకపోతున్నా ఇది గుర్తుంచుకుని తిట్టడం ఆపండి.

రక్త పరీక్షల ఫలితాలు తీసుకుని మానసిక వైద్యులను కలవండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లోనూ, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. కళాశాలలో తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న సంకోచం ఉంటే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. ఇది ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పరీక్షల కోసం ఆగకుండా అదే రోజు మీ వారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

డిప్రెషన్ అని తేలితే, తీవ్రత తక్కువగా ఉన్నవారికి కౌన్సెలింగ్‌తోనే నయం కావచ్చు. మందులు అవసరమైతే వాటి ప్రభావం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి మొదటి వారంలోనే పనిచేయడం లేదని వదిలేయకండి. ఇవి అలవాటుపడిపోయే నిద్రమాత్రలు కావు. బాగున్నాక కూడా కనీసం ఆరు నెలల పాటు వాడమని చెబుతాం, ఆపవలసి వచ్చినప్పుడు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మేమే ఆపిస్తాం.

– మానసిక వైద్య నిపుణురాలు, విజయవాడ