ఎక్కకూడని చెట్టును నేల మీదే గుర్తించాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మా కొబ్బరి తోటలో చాలా చెట్లు కూలిపోగా, కొన్ని ఒరిగి నిలిచాయి. మొన్నటి దింపులో (కాయలు కోసి దించేటప్పుడు) ఒక చెట్టు సగం ఎక్కిన కార్మికుడు కాండం అదోలా ఊగుతోందని దిగిపోయాడు. ఏ చెట్టు ఎక్కించవచ్చో, ఏది కూడదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: దిగిపోయి ఆయన మంచి పని చేశారు, ఆ చెట్టును మళ్లీ ఎవరిచేతా ఎక్కించకండి. ఒరిగిన ప్రతి చెట్టూ ప్రమాదకరం కాదు. ఆనాడు ఒరిగినా, తరువాత మొవ్వు (కొత్త ఆకులు వచ్చే చిగురు భాగం) నిటారుగా తిరిగి పెరిగిన చెట్టు చాలావరకు నిలదొక్కుకున్నట్టే. అయితే వాలిన వైపుకు ఎదురువైపున, మొదలు దగ్గర మన్ను పగిలి పైకి లేచి ఉంటే ఆ చెట్టు ఇంకా ఒరుగుతోందని అర్థం.

వాలు కంటే నాకు ఎక్కువ భయం కలిగించేది లోపల గుల్లయిన కాండం. ఎర్రముక్కు పురుగు పట్టిన చెట్టు దూరం నుంచి బాగానే ఉంటుంది. దగ్గరకు వెళితే చిన్న రంధ్రాలు, వాటి నుంచి కారి ఎండిన గోధుమరంగు జిగురు, పురుగు నమిలి బయటికి తోసిన పీచు కనిపిస్తాయి. కాండానికి చెవి ఆనిస్తే ఒక్కోసారి లోపల కొరుకుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. కత్తి వెనుకభాగంతో తట్టినప్పుడు డొల్ల మోత వచ్చినా, చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగుల్లాంటివి మొలిచినా, ఆ చెట్టు జోలికి పోకూడదు.

ఆ తరువాత తలెత్తి చూడాలి. కందిరీగల తుట్టె ఉందా, పాచి పట్టిన కాండం వానకు తడిసి ఉందా, మట్టలు కరెంటు తీగలకు దగ్గరగా ఉన్నాయా అన్నవి ముఖ్యం. పచ్చిమట్ట గుండా కరెంటు ప్రవహిస్తుంది కనుక లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపే వరకు ఆ చెట్టు ఎక్కించవద్దు. పైకి చేరినవారు ఎండుమట్టను పట్టుకుని బరువు మోపడం మరో పెద్ద పొరపాటు. దింపు జరిగేటప్పుడు చెట్టు కింద ఎవరూ ఉండకూడదు. కాని పిలిస్తే పలికేంత దూరంలో ఒకరు తప్పక ఉండాలి.

చెట్టుకింతని కూలి కట్టే పద్ధతిలో, అనుమానం వచ్చినా చెట్టును వదిలేయడానికి దింపువారికి మనసొప్పదు. అందుకే తోట యజమానిగా మీరే ముందురోజు తోటంతా తిరిగి, ఎక్కకూడని చెట్లకు సున్నంతో గుర్తు పెట్టండి. అనుమానంతో దింపు కార్మికుడు వదిలేసిన చెట్టుకు కూడా కూలి ఇవ్వండి. కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష బీమాలో (చెట్టెక్కే కార్మికులకు ప్రమాద బీమా) ఆయన పేరు ఉందో లేదో ఈ దింపుకు ముందే అడిగి తెలుసుకోండి.