పోటీకి వెళ్ళే గుర్రాన్ని ఎంతవరకు ముస్తాబు చేయవచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అమ్మాయి విశాఖలో గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది, త్వరలో పోటీ ఉంది. గుర్రం మూతి మీది మీసాలు గీసేయాలని, చెవుల్లోని వెంట్రుకలు తీసేయాలని, పలచగా ఉన్న తోకకు సవరం కట్టాలని, గిట్టలకు నల్లరంగు పూయాలని, వీలైతే ఒక కాలికి తెల్లమచ్చ కూడా దిద్దాలని శిక్షకుడు చెబుతున్నాడు. ఇందులో ఏది తప్పు, ఏది కాదు, లేక మీరే అతిగా ఆలోచిస్తున్నారా?

నేను పశువైద్యుణ్ణి. నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా కుక్కలూ ఆవులూ. అయినా బీచ్ రోడ్డులో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రాలనూ, పెళ్ళి ఊరేగింపుల గుర్రాలనూ, స్వారీ నేర్పే చోట ఉండే గుర్రాలనూ చాలాకాలంగా చూస్తున్నాను. మీరు అతిగా ఆలోచించడం లేదు. అలాగని శిక్షకుడు చెప్పినవన్నీ తప్పులూ కావు.

రంగు, పొడి, జడ, సవరం గుర్రానికి పెద్దగా పట్టవు. సాయంత్రానికి కడిగేస్తే, విప్పేస్తే పోతాయి. కానీ గుర్రం తన చుట్టూ ఏముందో తెలుసుకునే అవయవాన్ని, తన ఇబ్బందిని బయటపెట్టే అవయవాన్ని దెబ్బతీసే ముస్తాబు ఎంత చిన్నదైనా ఒప్పుకోకూడదని నా అభిప్రాయం. ‘నొప్పి పుడుతుందా?’ అనే ఒక్క ప్రశ్నతో ఇది తేలదు. మీసాలు గీస్తే గుర్రానికి నొప్పి ఉండదు. అయినా అది తప్పే.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. పక్కనుంచీ, చాలావరకు వెనకనుంచీ వచ్చేది దానికి కనిపిస్తుంది కానీ, సరిగ్గా మూతి కింద ఉన్నది కనిపించదు. తొట్టి అంచు ఎక్కడుందో, గడ్డిలో ముల్లుందో, కంచెకు తీగ ఉందో దానికి చెప్పేవి ఆ మీసాలే. ఒంటి మీది మామూలు వెంట్రుకల్లాంటివి కావవి. ఒక్కొక్కదాని కుదురు చుట్టూ రక్తంతో నిండిన చిన్న సంచి ఉంటుంది, అందులోకి నరాల కొసలు వచ్చి చేరతాయి. చీకట్లో గోడ తడుముకునే చేతివేళ్ళ పని అవి చేస్తాయి. మీ అమ్మాయిని ఒకసారి అరచేతిలో నానబెట్టిన ఉలవలు పెట్టి దగ్గరగా గమనించమనండి. ముందు మీసాలు చేతికి తగులుతాయి. గుర్రం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తరువాతే పైపెదవి కదిలి గింజల్ని ఏరుకుంటుంది, మధ్యలో రాయి ఉంటే పక్కకు నెట్టేస్తుంది. మీసాలు నున్నగా గీసిన గుర్రాల్లో ఆ ఆగడం నాకు కనిపించలేదు. మూతి తిన్నగా వచ్చి చేతిని గుద్దుకుంటుంది.

పెద్ద పోటీల్లో అందరూ గీస్తారని మీ శిక్షకుడు అంటే, అది పాత సంగతి. ఎఫ్‌ఈఐ, అంటే అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య, 2021 జూలై 1 నుంచి మీసాలు కత్తిరించిన గుర్రాన్ని తన పోటీల్లోకి రానివ్వడం లేదు. వైద్య కారణం ఉంటే తప్ప మినహాయింపు లేదు. జర్మనీ అంతకు చాలా ముందే దీన్ని నిషేధించింది. పైగా మీ అమ్మాయి పాల్గొనేది గెంతుల పోటీ అయితే, లెక్కలోకి వచ్చేవి పడిపోయిన కర్రలూ, గుర్రం గెంతకుండా మొరాయించడమూ, పట్టిన సమయమూ. నున్నటి మూతికి ఎవరూ మార్కులు వేయరు.

చెవుల సంగతీ అంతే. లోపలి వెంట్రుకలు పురుగుల్నీ దుమ్మునూ ఆపుతాయి. మన దగ్గర సముద్రపు ఇసుక కూడా ఉంది కదా. చెవిని మెల్లగా మూసి పట్టుకుని, అంచు దాటి బయటికి వచ్చిన వాటిని మాత్రం కత్తిరించుకోవచ్చు. లోపల మిషను పెట్టనివ్వకండి.

తోక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సవరం కట్టడంలో నాకు అభ్యంతరం లేదు, బరువు పెట్టనంతవరకు. కొన్ని సవరాల్లో తోక కదలకుండా కిందికి వేలాడేందుకు బరువులు కుడతారు. కొనేముందు చేతిలో పట్టుకుని తూచి చూడండి. గుర్రానికి తోక ఈగల్ని తోలుకోవడానికే అనుకుంటాం. విశాఖ ఉక్కపోతలో, వానాకాలంలో ఆ పని కూడా చిన్నదేమీ కాదు. కానీ తోకకు ఇంకో పని ఉంది. జీను నొక్కుకుంటున్నా, వీపు నొస్తున్నా, కళ్ళెం కోస్తున్నా, మీద కూర్చున్న మనిషి మడమలతో అదేపనిగా పొడుస్తున్నా గుర్రం తోకను విసిరికొడుతుంది. గుర్రం నడక తీరుకు మార్కులు వేసే పోటీల్లో ఆ విసురు చూసి న్యాయనిర్ణేత గుర్రం ఇబ్బంది పడుతోందని తెలుసుకుంటాడు, మార్కులు తగ్గిస్తాడు.

ఇక్కడే మనుషుల తెలివి వంకర దారి పట్టింది. అమెరికాలో వెస్టర్న్ తరహా, అంటే కౌబాయ్‌ల స్వారీ పద్ధతిలో సాగే పోటీలకు వెళ్ళే కొన్ని గుర్రాలకు తోక మొదట్లో ఆల్కహాల్ సూది వేసి నరాలను చచ్చుబరుస్తారు. తోక ప్రశాంతంగా వేలాడుతుంది. చూసేవాళ్ళు ఎంత సాధువు గుర్రమో అనుకుంటారు. చీము పట్టి తోక శాశ్వతంగా చచ్చుబడిన గుర్రాలున్నాయి. పోటీల నియమాలు దీన్ని నిషేధించాయి, అయినా దొంగతనంగా సాగుతూనే ఉంది. తోక ఎత్తి నడిస్తేనే అందమనుకునే చోట సరిగ్గా దీనికి తలకిందుల పని చేస్తారు, తోక కింద అల్లం రుద్దుతారు. ఆ మంటకు గుర్రం తోక దించలేదు. పూర్వం బండి గుర్రాల పగ్గాలకు తోక చిక్కుకుంటుందని ఎముకతో సహా కోసేసేవారు. తరువాత బండ్లు పోయినా, ఆ మొండితోకే అందమని కోస్తూ పోయారు. బ్రిటన్ దాన్ని ఆపుతూ 1949లో చట్టం చేసింది.

వీటిలో నాకు అన్నిటికన్నా నీచంగా తోచేది ఆ ఆల్కహాల్ సూదే. కోత, మంట క్రూరమైనవే, కానీ అవి కనీసం కంటికి కనిపిస్తాయి. సూది వేసినవాడు గుర్రాన్ని బాధపెట్టడమే కాదు, ఇకపై ఎవరు బాధపెట్టినా అది చెప్పుకోలేకుండా చేశాడు.

అమెరికాలోనే టెన్నెసీ వాకింగ్ హార్స్ అనే జాతి ఉంది. ముందుకాళ్ళు అంతెత్తున లేపి నడవాలని, ఆ కాళ్ళకు ఆవనూనె, కిరోసిన్, డీజిల్ లాంటివి పూసి చర్మం పుండయ్యేలా చేసేవారు. దాని మీద ఆడే గొలుసులు కట్టేవారు. దీన్ని అరికట్టడానికి 1970లో చట్టం వచ్చింది, అయినా పూర్తిగా ఆగలేదు. నడకలోని ఆ వయ్యారం నిజానికి నొప్పి అని తెలిశాక, ఆ పోటీల వీడియోలు నేను చూడలేకపోయాను.

ఇవన్నీ దూరదేశాల సంగతులు, మన దగ్గర లేవు అనుకోకండి. మీ శిక్షకుడు చెప్పిన తెల్లమచ్చ దగ్గరికి వద్దాం. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉన్న గుర్రాన్ని మనం పంచకల్యాణి అంటాం, శుభమంటాం. పెళ్ళిళ్ళలో దానికి గిరాకీ ఎక్కువ, అద్దె ఎక్కువ. అమ్మితే ధరా ఎక్కువే. మూడు కాళ్ళు తెల్లగా ఉండి నాలుగోది నల్లగా ఉన్న గుర్రాన్ని చూస్తే యజమానికి చేయి ఊరుకోదు.

భీమిలి వైపు ఒక షెడ్డుకు అలాంటి గుర్రం కోసమే నన్ను పిలిచారు. గోధుమరంగు ఆడగుర్రం. వెనక ఎడమకాలు నేలకు ఆనించడం లేదు. గిట్ట పైన గుడ్డతో కట్టిన కట్టు విప్పితే ఘాటైన వాసన వచ్చింది. మనుషుల జుట్టు రంగు తీసే పొడిని కలిపి పూసి, గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచారు. నల్లటి వెంట్రుక ఆ పొడికి తెల్లబడదు, ఇటుకరంగుకు తిరుగుతుంది. తెల్లబడలేదని మళ్ళీ పూశారు. మడమ వెనక ముడత పడే చోట చర్మం ఉడికి, పగిలి, నీరు కారుతోంది. సెలైన్‌తో కడిగి, చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, మందు వేసి, తడి ఇసుకలోకి దించవద్దని, ఊరేగింపులకు పంపవద్దని చెప్పి వచ్చాను. పుండు మానింది. చర్మం బాగా దెబ్బతిన్న చోట గుర్రానికి వెంట్రుక మళ్ళీ వచ్చేటప్పుడు తెల్లగా రావచ్చు. దీనికీ అక్కడక్కడా అలాగే వచ్చింది. యజమాని ముఖంలో సంతోషం చూసి నాకు ఏమనాలో తోచలేదు.

మీరు ఎప్పుడైనా గుర్రం కొనబోతే ఇది గుర్తుంచుకోండి. తెల్లకాలిని నీళ్ళతో బాగా తడిపి వెంట్రుకల్ని వేలితో పాయ తీయండి. పుట్టుకతో వచ్చిన తెల్లమచ్చ కింద చర్మం గులాబిరంగులో ఉంటుంది. నల్లగా కనిపిస్తే ఎవరో చేయి పెట్టినట్టే. ఒంటి మొత్తానికి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. నల్లగా పుట్టి వయసుతోపాటు తెల్లబడే గుర్రాలకు చర్మం నల్లగానే ఉంటుంది, అది వాటి సహజం.

పోటీ విషయంలో మచ్చ దిద్దడానికి ఇంకో చిక్కు ఉంది. పోటీలకు తిరిగే గుర్రాల గుర్తింపు పత్రంలో ఏ కాలికి ఎంతవరకు తెలుపు ఉందో, నుదుటి మీద మచ్చ ఎలా ఉందో బొమ్మ గీసి ఉంటుంది. కాగితం ఒకటి చెప్పి కాలు ఇంకొకటి చెబితే, ఇది ఆ గుర్రమేనా అన్న అనుమానం వస్తుంది. కడిగితే పోయే రంగే కదా అనవచ్చు. గుర్రానికి హాని లేదు, నిజమే, కానీ అబద్ధం అబద్ధమే. పదేళ్ళ పిల్లకు మొదటి పోటీలో నేర్పాల్సిన విద్య కాదది. ఉన్న తెల్లమచ్చ మాసిపోతే మొక్కజొన్న పిండి అద్ది దులుపుకోండి, ఎవరూ కాదనరు.

గిట్టలకు పోటీ రోజున నలుపు పూయడంలో తప్పు లేదు. ముందు లాడాల చుట్టూ పగుళ్ళేమైనా ఉన్నాయేమో చూసి పూయండి. పగుళ్ళు కనిపించకుండా పూయడం వేరే సంగతి. వార్నిష్ లాంటివి రోజూ పట్టించకండి. జూలుకు జడలు వేస్తే బిగించకండి, దిగగానే విప్పేయండి. బిగిసిన జడకు మెడ దురదపెట్టి గుర్రం స్తంభాలకు రాసుకుంటుంది. మూతి మెరవడానికి నూనె రాస్తామంటే మాత్రం వద్దనండి. గులాబిరంగు మూతి ఉన్న గుర్రానికి విశాఖ ఎండలో నూనె రాస్తే చర్మం కమిలిపోతుంది.

చట్టం సంగతి కూడా చెబుతాను, పెద్దగా ఆశ పెట్టుకోకండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం అనవసరంగా బాధపెట్టడం, హాని చేసే మందు కావాలని ఇవ్వడం నేరాలే. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. బీచ్‌లో పిల్లవాణ్ణి ఒక్కసారి గుర్రం ఎక్కించి తిప్పడానికి అంతకంటే ఎక్కువ తీసుకుంటారు. అవయవం పనికిరాకుండా చేస్తే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు జైలు ఉంది. అయితే గీసిన మీసాల కోసం ఎవరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళరు. అక్కడ అడ్డుపడాల్సింది మీరే.

శిక్షకుడితో గొడవ పెట్టుకోనక్కరలేదు. సవరం, గిట్టల రంగు, జడలు సరే, మీసాలూ చెవులూ ముట్టవద్దు, మచ్చ దిద్దవద్దు అని ముందే చెప్పేయండి. ఎఫ్‌ఈఐ నియమం చూపిస్తే అతనికీ మాట పోయినట్టు ఉండదు. ఆ మాట గుర్రాన్ని చూసుకునే సాయీసుకు కూడా చేరేలా చూడండి. చాలాచోట్ల పోటీకి ముందురోజు రాత్రి మిషను పట్టుకునేది అతనే.

ఒకవేళ మీరు వెళ్ళేసరికి మీసాలు గీసేసి ఉంటే కంగారుపడకండి, కొన్ని వారాల్లో మళ్ళీ వస్తాయి. అంతవరకు దాణా లోతు తక్కువ ఉన్న వెడల్పాటి తొట్టిలో పెట్టించండి. తొట్టి చోటు మార్చనివ్వకండి. ముళ్ళతీగ కంచె ఉన్న చోట కట్టేయవద్దని చెప్పండి.