క్రిస్లర్ దివాలాలో ప్రభుత్వం వరుస మార్చిందా?

ప్రశ్న: 2009లో క్రిస్లర్ కార్ల కంపెనీ దివాలా తీసినప్పుడు అమెరికా ప్రభుత్వం చట్టాన్ని పక్కన పెట్టి కార్మిక సంఘానికి మేలు చేసిందంటారు. నిజమేనా? మన దగ్గర అలా జరిగే వీలుందా?

సగం నిజం. రాజకీయ జోక్యం జరిగింది, అందులో అనుమానం లేదు. చట్టాన్ని పక్కన పెట్టారన్న మాటే ఒప్పుకోను. చట్టంలో ఉన్న దారిలోనే నడిచారు, కాకపోతే ఆ దారి ఎటు పోవాలో వాళ్లే నిర్ణయించారు. నేను కర్నూలులో బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మొండి బాకీల ఫైళ్ల మధ్యే సర్వీసంతా గడిచింది. కాబట్టి అప్పిచ్చినవాడి వైపు కాస్త మొగ్గుతాను, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ఇదంతా ఒబామా ఒక్కరి నిర్వాకం అనేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. బ్యాంకులను ఆదుకోవడానికి పెట్టిన నిధిలోంచి జనరల్ మోటార్స్, క్రిస్లర్‌లకు 17.4 బిలియన్ డాలర్లు ఇస్తామని 2008 డిసెంబరులో ప్రకటించింది బుష్ ప్రభుత్వం. తలుపు అప్పుడే తెరుచుకుంది. 2009 మార్చి 30న ఒబామా క్రిస్లర్‌కు నెల రోజుల గడువిచ్చారు. ఈలోగా ఇటలీ కార్ల కంపెనీ ఫియట్‌తో ఒప్పందం కుదరకపోతే ఇక పైసా రాదన్నారు. ఏప్రిల్ 30న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. జూన్ 10 నాటికి పనికొచ్చే ఆస్తులన్నీ కొత్త కంపెనీ పేరు మీదికి వెళ్లిపోయాయి. ఆరు వారాల్లో! మా సర్వీసులో ఆరు వారాలంటే ఒక వాయిదాకూ ఇంకో వాయిదాకూ మధ్య ఉండే ఎడం.

గొడవంతా పంపకం దగ్గర వచ్చింది. ఆస్తులు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లకు రావలసింది 6.9 బిలియన్ డాలర్లు, చేతికొచ్చింది 2 బిలియన్లు. అంటే డాలరుకు 29 సెంట్లు. రిటైరైన కార్మికుల వైద్య ఖర్చులు చూసే ట్రస్టుకు కంపెనీ సుమారు 10 బిలియన్లు బాకీ, దానికి తాకట్టేమీ లేదు. ఆ ట్రస్టుకు మాత్రం 4.6 బిలియన్లకు నోటు (తర్వాత చెల్లిస్తామనే బాకీ పత్రం), కొత్త కంపెనీలో 55 శాతం వాటా దక్కాయి. తాకట్టు ఉన్నవాడి కంటే లేనివాడికి ఎక్కువ ముట్టిందంటే బ్యాంకులో పనిచేసిన ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ తాకట్టు అప్పులో కొంత వాటా ఉన్న ఇండియానా రాష్ట్ర పోలీసుల, టీచర్ల పెన్షన్ నిధులు అమ్మకం ఆపమని సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. జూన్ 8న స్టే వచ్చింది, మర్నాడే పోయింది. అయితే అవే నిధులు ఆ అప్పు పత్రాలను అంతకుముందు ఏడాది డాలరుకు 43 సెంట్ల చొప్పున కొన్నాయన్నది కూడా చెప్పుకోవాలి. ఇక్కట్లలో ఉన్న కంపెనీ కాగితమని తెలిసే కొన్నారు.

దివాలా కోర్టు జడ్జి గొంజాలెజ్ దీన్ని ఎలా సమర్థించారంటే, తాకట్టుదారులకు వచ్చింది పాత కంపెనీ ఆస్తుల విలువ, ముక్కలు చేసి అమ్మితే అంత కూడా రాదు. కార్మికుల ట్రస్టుకు ఇచ్చింది కొత్త కంపెనీ, తనకు పనిచేసే మనుషులు కావాలి కాబట్టి ఇచ్చింది. పుస్తకంలో చదివితే ఇది మాటల గారడీలా అనిపిస్తుంది. నాకు అలా అనిపించకపోవడానికి ఆదోని వైపు ఒక నూలు మిల్లు కారణం.

ఆ మిల్లు మూతపడినప్పుడు గోదాములోని సరుకంతా మా బ్యాంకు తాకట్టులో ఉంది. గోడ మీద మా బోర్డు, తలుపుకు మా తాళం. చట్టప్రకారం అమ్ముకోవచ్చు. అమ్మాలంటే ముందు బయటికి తీయాలి కదా. పత్తి బేలు ఒక్కోటి 170 కిలోలు ఉంటుంది. హమాలీలు చెయ్యి వేయలేదు, జీతాలు రాని కార్మికులు గేటు దగ్గర టెంటు వేసుకున్నారు. స్థానిక నాయకుడొకరు మమ్మల్ని ఇంటికి పిలిపించి, కాఫీ ఇప్పించి, ఎంతో మర్యాదగా చెప్పారు: “జీతాలు తేల్చకుండా ఒక్క బేలు కూడా గేటు దాటదు సార్. ఆపైన మీ ఇష్టం.” అప్పటికే మా పైఅధికారికి ఫోను వెళ్లింది. అమ్మిన డబ్బులోంచి జీతాల బకాయిలు ముందు తీసివ్వడానికి బ్యాంకు ఒప్పుకుంది. అది రాజకీయ జోక్యమే. కానీ లెక్క వేసి చూస్తే సరుకు తడిసి రంగు మారేదాకా కూర్చోవడం కంటే బ్యాంకుకు అదే లాభం. నాయకుడికి కావలసింది ఓట్లు, మాకు కావలసింది సరుకు కదలడం.

అసలు అన్యాయం జరిగింది మాకు కాదు. మిల్లుకు నేరుగా పత్తి తోలిన రైతులు కొందరు ఉన్నారు. ఆస్పరి వైపు నుంచి ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరులో కాటా చీటీలు మడిచి పెట్టుకుని బ్రాంచికి వచ్చి, “మా వంతు ఎప్పుడు వస్తుంది సార్?” అని అడిగేవారు. ఆయన గేటు ఆపలేరు, ఆయన కోసం ఫోను చేసేవాళ్లు లేరు. వంతు రాలేదు.

క్రిస్లర్‌లోనూ ఇదే తీరు. విడిభాగాలు ఇచ్చేవాళ్లు ఆగిపోతే కార్ల తయారీ ఆగిపోతుంది, అందుకని దివాలాకు ముందే ప్రభుత్వం వాళ్ల కోసం 5 బిలియన్ డాలర్ల దాకా పథకం పెట్టింది. పాత క్రిస్లర్ కార్లలో లోపాల వల్ల గాయపడినవాళ్ల దావాలను మాత్రం ఖాళీ పెట్టెలాంటి పాత కంపెనీకి వదిలేశారు. గోల అయ్యాక ఆగస్టులో, ఇకముందు జరిగే ప్రమాదాలకు బాధ్యత వహిస్తామని కొత్త కంపెనీ ఒప్పుకుంది. అప్పటికే దెబ్బతిన్నవాళ్ల సంగతి సరేసరి.

నేను తప్పుపట్టేవి వేరే ఉన్నాయి. తాకట్టు అప్పుల్లో దాదాపు 70 శాతం జేపీ మోర్గాన్, సిటీగ్రూప్, మోర్గాన్ స్టాన్లీ, గోల్డ్‌మన్ శాక్స్ చేతుల్లో ఉంది. ఆ నాలుగూ అప్పుడు ప్రభుత్వ సొమ్ముతో ఊపిరి పీలుస్తున్నవే. అలాంటి వాళ్లు సరే అంటే దాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అని ఎవరు నమ్ముతారు? పాత కంపెనీ ఆస్తుల వేలం నిబంధనలు చూడండి. వేరెవరైనా కొనాలంటే కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందాన్ని కూడా నెత్తికెత్తుకోవాలి. కొనేవాడు ముందే ఖాయమైపోతే అది వేలం ఎలా అవుతుంది? ఆ అమ్మకాన్ని సమర్థించిన అప్పీలు కోర్టు తీర్పును 2009 డిసెంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది కానీ, అమ్మకం ఎప్పుడో ముగిసిపోయింది.

జనరల్ మోటార్స్ కథలో చిల్లర జోక్యం ఇంకా ఎక్కువ. మసాచుసెట్స్‌లో మూసేయబోయిన ఒక విడిభాగాల గోదామును ఆ ప్రాంత ప్రతినిధి బార్నీ ఫ్రాంక్ కంపెనీ పెద్దతో మాట్లాడి ఆపించారు. చదివినప్పుడు నవ్వొచ్చింది. మా నాయకుడు కాఫీ ఇచ్చి చేసిన పనే అది.

ఇక మన దగ్గర. ఇక్కడ ఆ రాజకీయ నిర్ణయాన్ని చట్టంలోనే రాసేశారు, అది నాకు నచ్చింది. 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం ఆస్తులు అమ్మాల్సి వస్తే, ప్రక్రియ ఖర్చుల తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలకు, తాకట్టు ఆస్తిని విడిగా అమ్ముకోకుండా ఉమ్మడి అమ్మకానికి వదిలేసిన రుణదాతలకు సమాన స్థానం. పీఎఫ్ నిధి అసలు అమ్మకం లెక్కలోకే రాదు. అందరికీ ముందే తెలిసిన వరుస ఇది, ఎవరూ ఎవరింటికీ కాఫీకి వెళ్లనక్కరలేదు. సరుకు ఇచ్చి బిల్లు కోసం ఎదురుచూసేవాళ్లు మాత్రం ఇప్పటికీ దాదాపు అట్టడుగునే ఉన్నారు. కంపెనీ భవిష్యత్తు తేల్చే రుణదాతల కమిటీలో మామూలుగా వాళ్లకు ఓటు కూడా లేదు.

పెనుకొండ, హిందూపురం వైపు పెద్ద ఫ్యాక్టరీలకు చిన్నాచితకా సరుకు ఇచ్చేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఒక మాట. ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) చేయించుకోండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలని చట్టం ఉంది. ప్రతి బిల్లు మీదా సరుకు అందినట్లు ముద్ర వేయించుకోండి. కొనుగోలుదారు దివాలా ప్రక్రియలోకి వెళ్లినట్లు పేపర్లో ప్రకటన కనిపిస్తే, అందులో ఇచ్చిన తేదీలోపు మీకు రావలసిన బాకీ చెప్పుకునే ఫారం బి నింపి, ఆ ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు పంపండి. నాయకుడి ఇంటికి తర్వాత వెళ్లవచ్చు.