ముప్పై డాలర్లలో మొదటి చలికాలం

దేవరకొండ నుంచి చికాగోకు చదువుకోవడానికి వచ్చి మూడు నెలలైన ఒక అమ్మాయి అడిగింది: "అక్కా, ముఖం పొట్టు లేస్తోంది. నవ్వితే పెదవుల పక్కన చురుక్కుమంటోంది. గదిలోవాళ్లు సీరం కొనమంటున్నారు, చిన్న సీసా నలభై డాలర్లు. నేను ముప్పైకి మించి పెట్టలేను. మా ఊరి మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము రాస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఏం చేయను?"

సీరం వద్దు చెల్లీ. ముందు స్నానం మార్చుకో. మిర్యాలగూడ ఎండల్లో పెరిగిన నాకు ఇక్కడి మొదటి డిసెంబరులో పొగలు కక్కే నీళ్ల కింద అరగంట నిలబడితే ప్రాణం లేచి వచ్చేది. ఫిబ్రవరి నాటికి కాళ్లు ఎండిన చెరువు మట్టిలా పగిలాయి. చల్లటి గాలిలో తేమ తక్కువ. దాన్నే హీటరు వేడిచేసి గదిలో నింపితే, ఆ పొడిగాలి చర్మంలోని తేమను లాగేస్తుంది. వేడినీళ్లూ సబ్బూ కలిసి పైనున్న కాస్త నూనెనూ కడిగేస్తాయి. కాబట్టి గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపు స్నానం. ముఖానికి సువాసన లేని క్లెన్సర్ రాత్రి ఒక్కసారి చాలు, పొద్దున ఉత్త నీళ్లే. అమ్మ కట్టి పంపిన సున్నిపిండితో రుద్దడం ఎండాకాలం దాకా ఆపు. క్లెన్సర్ తప్ప దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక క్రీము. తువ్వాలుతో రుద్దకు, అద్దు. చర్మం మీద ఇంకా చెమ్మ మెరుస్తుండగానే, స్నానాల గదిలోంచి బయటికి రాకముందే రాసుకో. ఆరిపోయాక రాస్తే సగం ఫలితమే. పంపు సీసాలో వచ్చే లోషన్‌లో నీళ్లే ఎక్కువ, డబ్బాలో వచ్చే చిక్కటి క్రీము తీసుకో. పదార్థాల జాబితాలో గ్లిజరిన్, సెరమైడ్, పెట్రోలేటం లాంటివి ఉన్నాయేమో చూడు. ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చి గుండె బరువు చేసుకోవడం మనందరికీ అలవాటు. దాని బదులు అలమర అంచున ధర చీటీ మీద చిన్న అక్షరాల్లో ఔన్సుకు ఎంత పడుతుందో రాసి ఉంటుంది, అది చూడు. దుకాణం సొంత పేరుతో అమ్మే 16 ఔన్సుల డబ్బా, అంటే సుమారు 450 గ్రాములు, సాధారణంగా పదిహేను డాలర్ల లోపే దొరుకుతుంది. పెదవులకూ పగిలిన మడమలకూ ఐదారు డాలర్ల పెట్రోలియం జెల్లీ చాలు.

మిగిలిన డబ్బు సన్‌స్క్రీన్‌కు. నల్గొండ ఎండకే ఏమీ కాలేదు, ఇక్కడెందుకని అనుకోకు. మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చ, మంగు, రెండూ ఎండకు ముదురుతాయి. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ అని ఉండేది రక్షణ అంకె. తగినంత రాస్తే ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతాన్ని ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతానికి రెట్టింపు ధర పెట్టకు. "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని, అంటే యూవీఏ అనే మరో రకం కిరణాలనూ ఆపుతుందని, ఉందా లేదా చూసుకో. అమెరికాలో సన్‌స్క్రీన్‌ను మందుగా లెక్కిస్తారు, కాబట్టి చవకదానికీ ఖరీదైనదానికీ నిబంధనలు ఒకటే. ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవునా గీసినంత పరిమాణం కావాలి. బఠాణీ గింజంత రాస్తే రాయనట్టే.  మంగు ఉంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు.

మొటిమలకు అడాపలీన్ 0.1 శాతం జెల్ ఇక్కడ 2016 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది. పొట్టు లేవడం తగ్గాకే మొదలుపెట్టు, గర్భంతో ఉన్నవాళ్లు వాడకూడదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది నీ ప్రశ్నలో చివర వచ్చిన ఆ క్రీము. దాని మీద బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అని ఎక్కడైనా ఉందా? ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజులు మెరిపించి, మానగానే మళ్లీ రగిలించడం దాని లక్షణం. మా పిన్ని కూతురు పెళ్లికి ముందు తెల్లబడాలని ఏడాది పాటు రాసింది. చర్మం పలచబడి బుగ్గల మీద ఎర్రటి నరాలు బయటపడ్డాయి, నూగు మొలిచింది. పొయ్యి దగ్గర నిలబడితే ముఖం మండిపోయేది. మామూలు కావడానికి రెండేళ్లు పట్టింది. 2018లో కేంద్రం ఇలాంటి చాలా పూత మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. అయినా ఆమెకు అడగ్గానే ఇచ్చారు.

కొన్నాళ్లుగా రోజూ రాస్తున్నట్టయితే ఒక్కసారిగా మానకు, ముఖం ఇంకా రగులుతుంది. ట్యూబునూ పెట్టెనూ రెండు వైపులా ఫొటో తీసి, ఈ వారంలోనే మీ యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో చూపించు. ఎన్ని నెలలుగా రాస్తున్నావో దాచకుండా చెప్పు.